సైరన్‌కు బదులు పలికిన పడ్డ

మొన్న కమాన్‌పూర్ పక్కన మా అమ్మ పుట్టిన ఊరికి వెళ్ళి వచ్చాను. మా మేనమామ కూతురి కొడుకు ప్రవీణ్ అక్కడ బర్రెల షెడ్డు పెట్టాడు, వచ్చి చూడమని ఎప్పటినుంచో పోరుతున్నాడు. చూడవలసిందే. కింద సిమెంటు గచ్చు, గచ్చు మీద రబ్బరు పరుపులు, పైన ఫ్యాన్లు, ఎండ ముదిరితే సన్నటి తుంపర చల్లే పైపులు. మా రామగుండం ఎండలకు మనుషులే కాళ్ళు చాపుకుని పడి ఉంటారు గానీ అతని బర్రెలు మాత్రం అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుళ్ళలాగా నీడన కూర్చుని నెమరేస్తున్నాయి. ప్రతిదాని మెడకూ ఒక పట్టీ ఉంది. ఇద్దరం గేటు దగ్గర కుర్చీలు వేసుకుని చాయ్ తాగుతుంటే అతని ఫోన్ టింగుమంది.

"ఎవ్వర్రా?" అన్నాను.

"మనిషి కాదత్తమ్మా, బర్రె. గా మూలకున్నది ఎదకచ్చిందట."

"బర్రె నీకు ఫోన్ చేస్తదా?"

"అది చెయ్యది, మెడకున్న పట్టీ చేస్తది. ఎక్కువ తిర్గినా, నెమరు తక్కువేసినా పసిగట్టి మెసేజ్ కొడ్తది. ఒక్క ఎద తప్పిపోయిందంటె మల్ల వచ్చేదాంక దాణా దండుగ గదా."

నాకు నవ్వు ఆగలేదు. చాయ్ చీర మీద ఒలికింది. ప్రవీణ్ ముఖం చిన్నబోయింది, తన షెడ్డును చూసే నవ్వుతున్నానని అనుకున్నట్టున్నాడు. "నిన్ను చూసి కాదురా. మా ఇంట్ల ఒక పడ్డ ఉండె. నెలనెలా గొంతు చించుకొని చెప్పినా మేం వినలె. అది యాదికచ్చింది" అన్నాను. అతను వివరం అడిగేలోపే పశువుల డాక్టరుకు ఫోన్ కలిసింది, లేచి వెళ్ళిపోయాడు. ఈనని ఆ పడుచు బర్రె సంగతి గోదావరిఖని వచ్చేదాకా ఆటోలో నా పక్కనే కూర్చుని వచ్చింది.

అప్పట్లో మాది బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల వరస. మా వైపు గని అని ఎవరూ అనరు, బాయి అనే అంటారు. మా బాపు బాయిలో పట్టాల మీద నడిచే టబ్బులకెత్తి బొగ్గు నింపేవాడు. రెండు గదులు, వెనక చిన్న జాగా, ఆ జాగాలో పాత రేకులతో కప్పిన కొట్టం. తెల్లవారకముందే ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజేసేవారు. ఆ పొగ వాసన, రాత్రి అన్నం గంజీ బియ్యం కడిగిన నీళ్ళూ తవుడూ కలిసి పులిసిన కుడితి వాసన, పచ్చి పేడ వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. వాసనల తర్వాత సైరన్. మొదటి షిఫ్టు సైరన్ మోగిందంటే వరసంతా ఒక్కసారిగా కదిలేది. గడియారం ఉన్న ఇల్లు కూడా సైరన్ విన్నాకే తన గడియారాన్ని నమ్మేది. నిద్ర లేవడం, నల్లా దగ్గర బిందె పెట్టడం, బర్రెను పిండడం అన్నీ దానితోనే.

మా ఇంట్లో బర్రెల పని మా మేనత్తది. పేరు రూతమ్మ, మేం రూతత్త అనేవాళ్ళం. బాపుకు అక్క. పిల్లలు కలగలేదని మగని ఇంటివాళ్ళు పంపించేస్తే, ఒక ఇనుప పెట్టె చేత పట్టుకుని తమ్ముడి క్వార్టర్‌కు వచ్చింది. ఎందుకు పంపారని బాపు వాళ్ళను నిలదీయలేదు, గౌరవంగా ఇంట్లో ఉంచుకున్నాడు, అంతే. అత్త ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. కొంగు నడుముకు దోపి పొద్దంతా తిరుగుతూనే ఉండేది. పొదుగు కడుగుతూ చర్చి పాటలు పాడేది, మాటలు మరిచిపోయిన చోట బర్రె పేరు పెట్టి పూరించేది. కొంగు చివర ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ముడి వేసి ఉండేది, అది బర్రెకు గానీ మాకు కాదు. అమ్మకూ ఆమెకూ ఒక్కసారైనా మాట పట్టింపు వచ్చినట్టు నాకు గుర్తు లేదు. అమ్మ మాకు ఒకే ఒక హద్దు పెట్టింది. గొడ్డుది అనే మాట ఈ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, తిట్టుగా కూడా.

మా మొదటి బర్రె దసరా ముందు ఈనింది. బాయిలో బోనస్ పంచిన వారం కనుక పుట్టిన ఆడ దుడ్డెకు బాపు బోనస్ అని పేరు పెట్టాడు. వరసంతా ఆ పేరు విని నవ్వింది. కానీ మరునాడే తల్లి బర్రె పడిపోయింది. పశువుల దవాఖాన నుంచి మనిషి వచ్చేలోపే కళ్ళు తేలేసింది. దుడ్డె ఒక్క రోజు మాత్రమే తల్లి ముర్రుపాలు తాగింది. "తల్లి లేని దుడ్డె బతుకుడు కష్టమే" అన్నారు చూడడానికి వచ్చిన వాళ్ళు. ఎదురింటి మల్లవ్వ మాత్రం తన బర్రె పాలు చెంబు నిండా తెచ్చి అత్త చేతిలో పెట్టింది. మల్లవ్వ భర్త బాయిలో పనిచేసి రిటైర్ అయ్యాడు, అప్పటికి కొడుకు చేస్తున్నాడు. నోరు కాస్త పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది.

పిల్ల దుడ్డెకు చెంబులో మూతి పెట్టడం తెలియదు. అత్త తన వేళ్ళు పాలలో ముంచి దాని నోట్లో పెట్టేది. అది చప్పరిస్తుంటే మెల్లగా చేతిని చెంబులోకి దించేది, వేళ్ళతో పాటు పాలు కూడా లోపలికి పోయేవి. అలా కొన్నాళ్ళకు వేళ్ళు తీసేసినా తాగడం నేర్చుకుంది. ఈ తంతు మొదటి షిఫ్టు సైరన్‌తోనే మొదలయ్యేది, ఎందుకంటే అత్త నిద్ర లేచేదే అప్పుడు. పసిది పట్టేసింది. సైరన్ మోగిందంటే పాలు వస్తాయి. ఇక సైరన్ అలా మోగుతుండగానే కొట్టంలోంచి సన్నగా అంబా అని బదులు వచ్చేది. "అస్తున్న బిడ్డా, అస్తున్న" అంటూ అత్త చెంబు పట్టుకుని పరుగెత్తేది. మా ఇంటికి రెండు సైరన్లని బాపు స్నేహితులు ఎగతాళి చేసేవారు.

దుడ్డె పెరగడాన్ని నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. పుట్టినప్పటి గోధుమరంగు బొచ్చు రాలి నల్లటి నిగనిగలు వచ్చాయి. నుదుటికి రెండు వైపులా బొడిపెలు లేచి కొమ్ములయ్యాయి, దురద పుట్టి గుంజకేసి రుద్దేది. పాలపళ్ళు ఊడి ముందు వెడల్పాటి పళ్ళు వచ్చినప్పుడు అత్త దాని పెదవి ఎత్తి వచ్చిన వాళ్ళందరికీ చూపించింది. మిగతా ఇళ్ళ పశువులు కాపరి వెంట మందలో పోయేవి. అత్త బోనస్‌ను మందలోకి పంపేది కాదు. తల్లి లేనిది, వేరే బర్రెలు కుమ్ముతాయని భయం. తానే తోలుకుపోయి, బాయిలోంచి పంపులు తోడి పోసే నీళ్ళు పారే కాలువలో దాన్ని పొర్లించేది. నల్ల బురద ఒంటికి పట్టించుకుని దొరసానిలా తిరిగి వచ్చేది బోనస్.

బాగానే పెరిగింది గానీ ఎదకు, అంటే దున్నపోతును కోరే వేళకు, రాలేదు. దాని ఈడు పడ్డలు ఈని పాలిస్తుంటే ఇది కుడితి తాగుతూ, బెల్లం నాకుతూ తిరిగేది. అత్త మొలకెత్తిన శనగలు పెట్టింది. వాటిలో సగం నేనే తిన్నాననుకోండి. పశువుల డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "లోపల అంత మంచిగనే ఉన్నదమ్మా, ఎదకు రాంగనే తోల్కరా" అన్నాడు. వస్తే కదా తోలుకుపోవడానికి. మల్లవ్వ ఒకరోజు కొట్టం ముందు నిలబడి, "రూతూ, ఇది గొడ్డుదేనే. ఊకె మేపుతున్నవు" అనేసింది. అన్నాక తనే నాలుక కరుచుకుంది. అత్త పేడ తీస్తూనే ఉంది. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

సైరన్‌కు బదులు పలికే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. రోజూ కాదు, ఎప్పుడో నెలకోసారి, ఒకటి రెండు పొద్దుల్లో, సైరన్ వేళకు గొంతెత్తి అరిచేది. చిన్నప్పటి సన్నని గొంతు కాదు, కొట్టం రేకులు అదిరే గొంతు. దానికి మా దగ్గర కారణం సిద్ధంగా ఉండేది. గాలి బాయి వైపు నుంచి కొట్టిన రోజు సైరన్ గట్టిగా వినిపిస్తుంది, అప్పుడు దానికి పాల చెంబు యాదికొస్తుంది, ఇదీ మా లెక్క. అత్త ముఖం అప్పుడు చూడాలి, వెలిగిపోయేది. "ఇంత పెద్దగయినా దాని పసితనం పోలె" అని మురిసిపోతూ కుడితి బకెట్ దాని ముందు పెట్టి, తమ్ముడిని డ్యూటీకి పంపే పనిలో పడిపోయేది. కాసేపటికి వచ్చి చూస్తే బకెట్ ఖాళీ. మల్లవ్వ మేకలు వచ్చి తాగిపోయేవని మాకు చాలా కాలానికి తెలిసింది.

ఆ ఏడు బాయిల్లో సమ్మె పడింది. బొగ్గు ఆగింది, జీతం ఆగింది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించసాగింది. గడ్డి దొరకడమూ కష్టమైంది. పాలివ్వని పశువును ఇంకెన్నాళ్ళు మేపుతామని బాపు మంచిర్యాల వైపు నుంచి వచ్చే బేరగాడితో మాట్లాడి వచ్చాడు. ఆ బేరగాడు ఈనని పశువులను ఎక్కడికి తోలుకుపోతాడో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. బాపు ఆ మాట చెప్పినప్పుడు అత్త వైపు చూడలేదు. అత్త "సరే తమ్మీ" అంది. అది తమ్ముడి ఇల్లు, తమ్ముడి తిండి, ఆమె మరేమంటుంది?

సమ్మె రోజుల్లో సైరన్ లేదు. కాలనీకంతా ఏదో చెవుడు వచ్చినట్టుండేది. పొయ్యి ఎప్పుడు రాజేయాలో తెలియక ఆడవాళ్ళు ఒకరి ఇంటి వైపు ఒకరు చూసేవారు. మగవాళ్ళు తెల్లారినా దుప్పట్లు తీసేవారు కాదు. బోనస్ కూడా పలకడం మానేసింది. సైరన్ లేకపోతే దానికేం యాదికొస్తుందని అనుకున్నాం.

బేరగాడు వస్తానన్న రోజు పొద్దున్నే, ఆకాశం తెల్లబడుతుండగా, కొట్టం రేకులు అదిరేలా బోనస్ అరిచింది. ఆగి మళ్ళీ అరిచింది. అత్త అలవాటు చొప్పున "అస్తున్న బిడ్డా" అంటూ కుడితి బకెట్ ఎత్తుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది. నేను గడపలో కూర్చుని పళ్ళు తోముకుంటున్నాను.

"తమ్మీ, సైరన్ కొట్టిండ్రా?" అంది.

దుప్పటి లోపలి నుంచే బాపు జవాబు చెప్పాడు. "సమ్మెల సైరన్ ఎవడు కొడ్తడక్కా? పండుకోనియ్యి."

"మరి ఇదెవనికి బదులిస్తుందిరా?"

బాపు దుప్పటి తీశాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. అత్త బకెట్ బోనస్ ముందు పెట్టింది. అది మూతి కూడా పెట్టలేదు. మెడ చాచి, తోక పక్కకు పెట్టి మళ్ళీ అరిచింది. రోజూ ఒంటికి ఉండే కాలువ బురద ఆ రోజు లేదు, సమ్మె గొడవలో రెండు రోజులుగా అత్త దాన్ని అటు తోలలేదు. తోక కింద సన్నటి తీగ ఒకటి తెల్లగా మెరుస్తూ వేలాడుతోంది. ఎదకు వచ్చిన బర్రె గుర్తు అది. మందలో ఉంటే పశువుల కాపరే చెప్పేవాడు.

అత్త కొట్టం గుంజ పట్టుకుని అక్కడే కూలబడింది. ముందు నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. "పాలకొరకు ఏడుస్తుందనుకున్ననే సుగుణా" అంది అమ్మతో. "దాన్నింకా చంటిదనే అనుకుంటున్న. అది పెద్దదైంది. నెలనెలా నాకు చెప్తనే ఉన్నది. నేను కుడితి ముందల వెట్టి పోతున్న."

బాపు తల గోక్కున్నాడు. "బేరగాడు ఇయ్యాల అస్తనన్నడక్కా. మాట ఇచ్చిన. ఎదకచ్చినంత మాత్రాన చూలు కడ్తదని ఏం నమ్మకం?"

అత్త లేచి నిలబడింది. తమ్ముడితో ఆమె అలా మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు, తర్వాత కూడా వినలేదు. "ఒక్కపారి దానికి అదును ఇయ్యి తమ్మీ. కట్టకుంటె నేనే తలుగు ఇప్పి వాని చేతుల పెడ్త. నన్ను పంపిచ్చిననాడు ఎవ్వరు ఒక్క దవాఖాన గూడ చూపియ్యలె, ఒక్క మాట గూడ అడగలె. దీన్నట్ల పంపియ్యకు."

బాపు తువ్వాల భుజాన వేసుకుని, బోనస్ తలుగు తనే విప్పాడు. "నడువక్కా. సుగుణోళ్ళ ఊర్లె మంచి దున్నపోతున్నది" అన్నాడు. ఆ రోజు సమ్మె శిబిరంలో కూర్చోవలసిన వంతు బాపుది. పక్కింటాయన "యాడికే పొద్దుపొద్దున?" అని అడిగితే "పెండ్లికి" అని చెప్పి, ముందు బాపు, మధ్య బోనస్, వెనక బెల్లం ముడి పట్టుకుని అత్త, మా మేనమామ ఊరి దారి పట్టారు.

బేరగాడు ఎండెక్కాక వచ్చాడు. ఖాళీ గుంజను చూసి, "పడ్డ ఏదమ్మా?" అన్నాడు.

"దాని పెండ్లికి పొయ్యింది" అంది అమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే.

"గొడ్డుదానికి పెండ్లేంది?"

అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. మా అమ్మ పెద్దగా మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. "గా మాట ఇంకొక్కపారి నా వాకిట్ల అన్నవంటె మంచిగుండది" అంది. ఆ మాట వరసంతా వినిపించింది. మల్లవ్వ తన గడప మీద నుంచి లోపలికి వెళ్ళిపోయింది. బేరగాడు కాసేపు గొణిగి, సైకిల్ తిప్పుకుని వెళ్ళాడు.

సాయంత్రం ముగ్గురూ దుమ్ము కొట్టుకుని వచ్చారు. వచ్చీ రాగానే అత్త బోనస్ వెన్ను మీద చల్లటి నీళ్ళు కుండలతో పోసింది, దాన్ని కాసేపు పడుకోనివ్వకుండా నిలబెట్టింది. దాటించి తెచ్చిన పశువుకు అలా చేస్తే నిలుస్తుందని అప్పట్లో నమ్మకం. దున్నపోతు తల్లి ఎంత పాలిచ్చేదో, దాని కొమ్ములు ఎలా మెలి తిరిగాయో రాత్రి అన్నాల వేళ దాకా చెబుతూనే ఉంది. సంబంధం చూసి వచ్చిన పెద్దమనిషిలాగా బాపు మధ్యమధ్య తల ఊపాడు.

కొద్ది రోజులకు సమ్మె తీరింది. సైరన్ మళ్ళీ మోగింది, వరసలో అందరూ సంబరంగా లేచారు. మాకు మాత్రం ఆ సైరన్ అంటే గుబులు పట్టుకుంది. చూలు నిలవకపోతే బోనస్ మళ్ళీ ఎదకు రావలసిన రోజులు దగ్గరపడ్డాయి. సైరన్ వేళకు బాపు టిఫిన్ డబ్బా చేత పట్టుకుని కొట్టం ముందు నిలబడేవాడు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడేది. అత్త దగ్గరకు కూడా వచ్చేది కాదు, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ఉండేది. సైరన్ లేచి, సాగి, ఆగిపోయేది. బోనస్ చెవులు ఒకసారి ఆడించి, మమ్మల్నందరినీ చూసి, తన గడ్డి తాను నమిలేది. బాపు "ఇయ్యాల గూడ సప్పుడు చెయ్యలె" అనేవాడు. ఆ వారమంతా బాయి మస్టర్ హాజరుకు ఆలస్యంగానే వెళ్ళాడు. అటు పక్కింటివాళ్ళు, ఇటు పక్కింటివాళ్ళు కూడా "మొత్తుకున్నదా?" అని అడగడం, "లేదు" అనగానే నవ్వుకుంటూ డ్యూటీకి పోవడం. ఒక పశువు నోరు మూసుకుని ఉన్నందుకు ఇన్ని ఇళ్ళు సంతోషించడం మరెక్కడా చూడలేదు నేను.

ఆ తర్వాత డాక్టరు చూసి సూడిదేనని, చూలు నిలిచిందని చెప్పాడు. వానలు వచ్చి పోయాయి, చలి వచ్చింది. బోనస్ కుడివైపు డొక్క బరువుగా దిగింది. పొద్దున్నే చల్లటి నీళ్ళు తాగించి ఆ డొక్క మీద అరచెయ్యి పెడితే లోపల దూడ తన్నేది. అత్త నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టింది. తన్నినప్పుడల్లా మా ఇద్దరికీ ఒకేసారి తెలిసేది. ఆమె చాలాసేపు చెయ్యి తీయలేదు. బడికి వేళ అవుతున్నా నాకు తీయాలనిపించలేదు.

ఈనే రోజు మధ్యాహ్నం బోనస్ లేవడం, పడుకోవడం మొదలుపెట్టింది. మల్లవ్వ వచ్చి చీర కుచ్చిళ్ళు పైకి దోపి పెత్తనం తీసుకుంది. అత్త కనిపించలేదు. చూస్తే లోపల పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి మీద ఏమీ లేదు. పిల్లలు లేని మనిషి ఈనే పశువుకు ఎదురు పడకూడదని అప్పట్లో అనేవారు. మేం చర్చికి పోయే వాళ్ళమే అయినా ఇలాంటివి మా ఇంటి గోడలు దాటి రాకుండా ఉండవు. ఎవరూ ఆమెను వెళ్ళమనలేదు, ఆమె తనకు తానే వెళ్ళి కూర్చుంది.

బోనస్ వంటింటి వైపే చూస్తూ అరుస్తోంది. మల్లవ్వ చెయ్యి వేస్తే కొమ్ము విసిరింది. రెండోసారీ విసిరింది. మల్లవ్వ లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఓ రూతూ, నడువ్. అది నిన్నే పిలుస్తున్నది" అంది.

"నేనెందుకు వదినె, నువ్వున్నవు గదా."

"నేనన్న మాటలు పట్టుకొని కూసున్నవా? ముసల్దాన్ని, నోరు జారిన. అయినా నీ మగడు రెండోదాన్ని చేసుకొని ఎన్నేండ్లాయె, గాడ గూడ తొట్టెల ఊగుతలేదని ఊరందరికి ఎరుకనే. నడువ్, ఆలస్యం చెయ్యకు."

అత్త వెళ్ళి బోనస్ నుదుటి మీద చెయ్యి వేసింది. అది పక్కకు ఒరిగి పడుకుంది. ముందు రెండు గిట్టలు కనిపించాయి, వాటి మీద ఆనించిన మూతి. నొప్పి వచ్చినప్పుడల్లా అత్త మెల్లగా కిందికి లాగింది, నొప్పి ఆగితే తానూ ఆగింది. ఆడ దుడ్డె. అత్త దాని ముక్కులు తుడిచి తల్లి ముందుకు జరిపింది. బోనస్ దాన్ని నాకుతుంటే, పొద్దు వాలకముందే అది నాలుగు కాళ్ళూ వెడల్పుగా పెట్టి, పడి, లేచి, పొదుగు వెతుక్కుంది. వేళ్ళు నాకించే పని ఈసారి లేదు. దానికి బాపు ఓవర్‌టైమ్ అని పేరు పెట్టాడు, పిల్లలం ఓటీ అని పిలిచాం. జున్ను వరస వరసంతా పంచాం, మొదటి గిన్నె మల్లవ్వకు.

తర్వాత నేను జీవశాస్త్రం టీచర్నయ్యాను, రిటైర్ అయ్యేదాకా ప్రత్యుత్పత్తి పాఠం ఏటేటా చెప్పాను. ఆ పాఠం వచ్చిందంటే చాలామంది టీచర్లు ఇంట్లో చదువుకొండని దాటేస్తారు. నాకెప్పుడూ సిగ్గనిపించలేదు. దాన్ని నేను మా వాకిట్లో, అమ్మా బాపూ అత్తా అందరూ నిలబడి ఉండగా నేర్చుకున్నాను. ప్రవీణ్ పట్టీ మాకుంటే బోనస్ ఎప్పుడో ఈనేది, అత్త అన్ని మాటలు పడేది కాదు. కనుక అప్పుడే బాగుండేదని నేను అనను. అతని షెడ్డులో ఏ పశువూ ఎద తప్పిపోవడం లేదు, సంతోషం. అయితే అతని బర్రెలకు పేర్లు లేవు, నంబర్లు ఉన్నాయి. ఒక్కదానికైనా పేరు పెట్టరా అంటే, "నువ్వే పెట్టుపో అత్తమ్మా" అన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాను. మా పాత వరసలో ఇప్పుడు సగం క్వార్టర్లకు తాళాలు. ఓపెన్‌కాస్టు తవ్వకాల దుమ్ము కిటికీల మీద పేరుకుని ఉంటుంది, కొట్టాలు లేవు. ఫోన్లు అందరినీ వేరువేరుగా లేపుతాయి. నేను మాత్రం చాలా సుఖంగా ఉన్నాను, ప్యాకెట్ పాలతో జున్ను రాదన్న ఒక్క బాధ తప్ప.

ఓటీకి నెల నిండిన తర్వాత వచ్చిన ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. మా చర్చిలో, కానుపయిన తల్లులు మొదటిసారి వచ్చిన రోజున బిడ్డను ఎత్తుకుని ముందుకు వెళ్ళి నిలబడతారు, పాస్టరుగారు తల్లి పేరు అడిగి కృతజ్ఞత ప్రార్థన చేస్తారు. ఆ రోజు ఇద్దరు తల్లులు వెళ్ళారు. వాళ్ళ వెనకాలే రూతత్త లేచి, తెల్లచీర కొంగు తల మీదకు లాక్కుని, ఖాళీ చేతులతో వెళ్ళి వరస చివర నిలబడింది. చర్చి అంతా గుసగుసలు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరు తల్లులకూ ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ఆమె ముందుకు వచ్చి ఆగారు.

"బిడ్డ ఏదమ్మా?" అన్నారు.

"బయట ఉన్నది అయ్యగారూ. తల్లిని బిడ్డను తోల్కచ్చిన. లోపలికి తేనియ్యరని గేటుకాడ నిలబెట్టిన."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు నవ్వలేదు. బైబిల్ చంకలో పెట్టుకుని బయటకు నడిచారు. చర్చి చర్చంతా ఆయన వెనక కదిలింది. గేటు దగ్గర మల్లవ్వ తలుగు పట్టుకుని, ఎప్పుడూ రాని చోటికి వచ్చినందుకు కాస్త బెదురుగా నిలబడి ఉంది. బోనస్ నెమరేస్తోంది. ఓటీ పొదుగులో తల దూర్చి తాగుతోంది. పాస్టరుగారు ఓటీ వీపు మీద ఒక చెయ్యి పెట్టారు. ఎప్పటిలాగే, "తల్లి పేరు?" అని అడిగారు.

అత్త బోనస్ వైపు చూసి చెప్పబోయింది. ఈలోగా గుంపులోంచి బాపు ముందుకు వచ్చాడు. బాయిలో పనిచేసి బొంగురుపోయిన గొంతును ఒకసారి సవరించుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు.

"రూతమ్మ, అయ్యగారూ. మా అక్క."

పాస్టరుగారు రెండో చెయ్యి అత్త తల మీద పెట్టి, ఆ పేరుతోనే ప్రార్థన చేశారు.